తెర మీది గడియారం

తెలుగు నేల మీద ఆటల చానల్లో గడియారం నడిపించిన మొట్టమొదటి మనిషిని నేనే. ఇప్పుడు మీరు ఏ చానల్ పెట్టినా, క్రికెట్ కానీ కబడ్డీ కానీ, తెర అడుగున ఒక పట్టీ, పట్టీలో పరుగెత్తే అంకెలు, మూలన తళుక్కుమనే గుర్తు కనిపిస్తాయి కదా, వాటన్నిటికీ తాత అనంతపురంలో ఒక మేడ మీది రేకుల గదిలో పుట్టాడు. ఆ కాన్పుకు మంత్రసానిని నేను. బెంగళూరు వాళ్ళూ మద్రాసు వాళ్ళూ మమ్మల్ని చూసి నేర్చుకున్నారు.

ఈ మాట ఇన్నేళ్ళుగా చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్ళు టీ తాగించారు. నమ్మనివాళ్ళు కూడా తాగించారు, తాగేటప్పుడైనా నోరు మూస్తానని.

నా వృత్తి బోర్డులు రాయడం. కిరాణా అంగళ్ళు, లారీల వెనక రాతలు, ఎన్నికలొస్తే గోడలు. తొంభైల చివర్లో మా ఊరి కేబుల్ ఓనరు ఒకాయన సొంతంగా ఆటల చానల్ పెట్టాడు. ఆయనకు ఆటల పిచ్చి. కాలేజీ మైదానంలో క్రికెట్, మండలాల్లో కబడ్డీ, తిరునాళ్ళలో బండలాగుడు, ఏదైనా సరే కెమెరా పంపి తీయించి, మరుసటి రోజు సాయంత్రం వేసేవాడు. పేర్లూ స్కోర్లూ రాయడానికి నన్ను పెట్టుకున్నాడు. నల్లరంగు పూసిన అట్ట మీద తెల్లగా రాసేవాణ్ణి. కెమెరా ఆ అట్ట వైపు తిరిగేది. కాసేపు అట్ట కనిపించేది, మళ్ళీ ఆట. అట్ట మీద ఈగ వాలితే ఈగ కూడా కనిపించేది. జనానికి అదే వేడుక.

తర్వాత ఇళ్ళల్లో పెద్ద చానళ్ళు వచ్చాయి. వాటిలో స్కోర్లు గిరగిరా తిరుగుతూ వచ్చి కూర్చునేవి. ఓనరును దారిలో ఆపి ఎగతాళి చేయడం మొదలుపెట్టారు.

"ఏమప్పా, మీ చానల్ జూస్తాంటే చావింటి ముందర బోర్డు జూసినట్లుండాది."

ఆ మాట ఆయన్ను కాల్చింది. అప్పటికి రెండువేల సంవత్సరం దాటింది. చానల్ పేరు మారుస్తానన్నాడు, గుర్తు మారుస్తానన్నాడు, అంతా కంప్యూటర్‌తోనే అన్నాడు. బెంగళూరు నుంచి ఒకావిడను పిలిపించాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆమె కంప్యూటర్‌ను బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.

నాకు ఆమె మీద మొదటి రోజే అనుమానం. బెంగళూరు చల్లదనం వదులుకుని ఎండాకాలంలో అనంతపురం వచ్చే మనిషి వెనక ఏదో ఒకటి ఉండాలి. ఆమె నా అట్టలన్నీ ఒక్కొక్కటే తీసి చూసింది. స్కేలు పెట్టి అక్షరాల ఎత్తు కొలిచింది. ఏమీ అనలేదు. బాగుందనో బాగలేదనో అనే మనిషిని నమ్మొచ్చు. ఏమీ అనకుండా కొలిచే మనిషిని ఎట్లా నమ్మేది? ఆ రోజు నుంచి నా కుంచెలు సంచీలో వేసుకుని ఇంటికి తీసుకుపోయేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆమే నా దగ్గరికి వచ్చింది.

"సార్, కంప్యూటర్‌లో తెలుగు చెన్నాగి... బాగా లేదు. చానల్ పేరు మీ చేత్తో రాసి ఇవ్వండి. అంకెలు కూడా. సున్నా నుంచి తొమ్మిది వరకు."

"తొమ్మిది తర్వాత?"

"తర్వాత అవసరం లేదు సార్. అన్ని నంబర్లూ దాంట్లోనే వస్తాయి."

అదీ సంగతి. పది అంకెలు ఇచ్చేస్తే ఇక నాతో పని లేదు. ఎన్ని స్కోర్లైనా వాటితోనే కూర్చుకుంటారు. తెలిసి తెలిసి రాసిచ్చాను. ఎందుకంటే టీవీలో కనబడతాయి కదా అని ఆశ. ఇంతకు ముందు కూడా కనబడేవి. కానీ అట్ట మీద నిలబడి కనబడడం వేరు, పరుగెత్తుతూ కనబడడం వేరు.

ఇక్కడే ఒప్పుకుంటాను. మొదట్లో చెప్పిన మంత్రసాని మాట కొంచెం సాగదీసిందే. గడియారం నడిపింది ఆమె. పట్టీ గీసింది ఆమె. నావి ఆ అంకెలు మాత్రమే. అందులోనూ రెండు, ఏడు నావి కావు. నా రెండు కొంగలా ఉందని ఆమె తీసేసింది. ఏడు ఎందుకు తీసేసిందో చెప్పలేదు. బెంగళూరు వాళ్ళు మమ్మల్ని చూసి నేర్చుకున్నారన్నది కూడా... ఆమె బెంగళూరు ఆవిడే కదా, అక్కడ నేర్చుకునే ఇక్కడికి వచ్చింది.

కొత్త గుర్తు తెర మీదికి వచ్చిన సాయంత్రం ఆఫీసులో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఒకామె టీవీ మూలన ఏదో అంటుకుందని తడిగుడ్డతో తుడిచిందట.

"ఎంత తుడిచినా పోల్యాదన్నా. లోపల పురుగేమన్నా దూరిందా?"

మగవాళ్ళ అనుమానం వేరు. చానల్ పేరు మారిందంటే ఎవరికో అమ్ముడుపోయిందనే. ఎవరికి? గుర్తు రంగు చూసి తేల్చేశారు, ఫలానా పార్టీకని. ఓనరు భయపడి రంగు మార్పించాడు. అది రెండో పార్టీదన్నారు. మళ్ళీ మార్పించాడు. అది ఇంకొకరిదన్నారు. చివరికి బూడిదరంగు దగ్గర ఆగాడు. బూడిదకు ఇంకా పార్టీ పుట్టలేదు.

ఇన్ని అనుమానించిన జనం ఒక్కదాన్ని మాత్రం అనుమానించలేదు. గడియారాన్ని. కబడ్డీ ఆటలో అడుగున నిమిషాలు తిరుగుతుంటే నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆ గడియారం మైదానంలోనే, కెమెరా లోపలే తిరుగుతుందని అందరి నమ్మకం. నిజం చెప్పాలంటే నా నమ్మకం కూడా అదే. రోజూ ఆ గదిలోనే ఉన్నాను, ఆమె ఎప్పుడు ఎట్లా వేస్తుందో ఒక్కనాడూ అడగలేదు. నా అంకెలు చూసుకోవడంతోనే సరిపోయింది.

ఇప్పుడు మా బామ్మర్ది సంగతి చెప్పాలి. నా భార్యకు తమ్ముడు. హైస్కూల్లో డ్రిల్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. జిల్లాలో ఎక్కడ బండలాగుడు జరిగినా విజిల్ ఆయన మెడలోనే ఉండేది. బండలాగుడంటే తెలియనివారికి చెబుతాను. ఒక జత ఎద్దులకు పెద్ద బండ కడతారు. ఇరవై నిమిషాల్లో ఎంత దూరం లాగితే అంత. దారి చివర తిరిగి మళ్ళీ రావాలి. ఎద్దు ఆగినా, పడినా, మోకు తెగినా కాలం ఆగదు. జెండా దించినప్పుడు మొదలు, విజిల్ ఊదినప్పుడు ఆఖరు. అందుకే ఆ వాచీ పట్టుకునే మనిషి మాట మీద వేలమంది నిలబడతారు. ఆ పని వల్ల మా బామ్మర్దికి ఒరిగేది భోజనం, ఒక తువ్వాలు. కానీ ఏ ఊరికి పోయినా ఆయన్ను చూసి జనం మంచం వాల్చేవాళ్ళు. రిటైరయ్యాక ఆయనకు మిగిలింది అదొక్కటే.

ఆ సంవత్సరం గుత్తి వైపు ఒక ఊళ్ళో తిరునాళ్ళ పోటీలు. వాన లేని సంవత్సరం. వేరుశనగ భూమిలోనే మాడిపోయి, సగం మంది పశువులను సంతకు తోలేస్తున్నారు. అటువంటి ఏడాదిలో గోరంట్ల వైపు నుంచి ఒక పెద్దరైతు లారీలో జత తెచ్చాడు. ఇంట్లో వాళ్ళకు ఏం వండుతున్నారో కానీ, ఎద్దులకు మాత్రం రోజూ ఉలవలు ఉడుకుతున్నాయని చెప్పుకున్నారు. ఆ ఎద్దులు రోషంగా లాగాయి. లాగుతూ లాగుతూ దూరపు మలుపులో ఎడమపక్క కట్టిన దాపటి ఎద్దు మోకాళ్ళ మీద పడింది. లేవలేదు. రైతు దాని మెడ కింద చెయ్యి పెట్టి, చెవిలో ఏదో చెబుతూ కూర్చున్నాడు. చాలాసేపటికి లేచింది. మళ్ళీ లాగింది. విజిల్ మోగేసరికి, గెలిచిన జత కంటే కొద్ది అడుగులే తక్కువ.

మా వైపు ఒక ఆచారం ఉంది. పందెంలో పడిన ఎద్దు మాట మళ్ళీ పందెం కట్టేదాకా ఎవరూ ఎత్తకూడదు. పడిందని నోటితో అంటే అది మళ్ళీ పడుతుందని భయం. ఎద్దును పెంచినవాడు తప్ప ఇంకెవరూ అనరు. ఆయన కూడా అనడు. అందుకే మా చానల్లో ఎప్పుడూ పడిన ఎద్దును చూపించేవాళ్ళం కాదు. ఆ రోజు కూడా రైతు కెమెరా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"అప్పా, ఆ ముక్క సూపించొద్దండప్పా."

ఓనరు నొచ్చుకున్నాడు. "అది నువ్వు చెప్పల్లనా పెద్దాయనా? మాకు తెలీదా?"

మరుసటి రోజు ఆ ముక్క కత్తిరించి, మిగిలింది బెంగళూరు ఆవిడకు ఇచ్చాడు. ఆమె గడియారం వేసింది. బండలాగుడుకు గడియారం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం నేను మా వీధి టీ అంగట్లో కూర్చుని చూశాను. ఇంట్లో చూస్తే నా అంకెలు చూసి మెచ్చేవాళ్ళు ఎవరు? పక్కవాళ్ళకు చూపిస్తూ ఉన్నాను, ఆ ఎనిమిది చూడండి, ఆ నడుము చూడండి అని. గోరంట్ల జత వచ్చింది. జెండా దిగింది, గడియారం మొదలైంది. ఎద్దులు ఎక్కడా ఆగకుండా లాగుతున్నాయి. విజిల్ మోగింది. తెర మీద పదిహేడు నిమిషాల చిల్లర.

బెంచీ చివర కూర్చున్నాయన మెల్లగా అన్నాడు.

"ఇంగా మూడు నిమిషాలు దగ్గర దగ్గర ఉండాయి కదప్పా. అప్పుడే యాల ఊదినాడు?"

"గెల్చిన జత ఏ ఊరిదో తెల్సునా?" అన్నాడు టీ పోసేవాడు. "డ్రిల్ మాస్టరు అల్లునిది అదే ఊరు."

అందరూ నా వైపు చూశారు. నేను గ్లాసులోకి చూశాను.

అల్లుని ఊరన్నది నిజమే. పోటీకి ముందు రోజు మా బామ్మర్ది అల్లుని ఇంట్లోనే భోంచేశాడు. నేనూ ఆ పంక్తిలో ఉన్నాను. ఓళిగలు, అదే బొబ్బట్లు, పెట్టారు. ఆ ఇంటి పెద్ద మా బామ్మర్ది ఆకులో నెయ్యి వేస్తూ, చాలన్నా ఆపకుండా వేశాడు. అప్పుడు అది మర్యాదలాగే కనిపించింది. ఇప్పుడు ఆ నెయ్యి కూడా నాకు ఇంకోలా కనిపించింది. ఎందుకంటే ఒకపక్క మా బామ్మర్ది ఉన్నాడు, ఇంకోపక్క గడియారం ఉంది. గడియారంలో ఉన్నవి నా అంకెలు. అవి అబద్ధం ఎందుకు చెబుతాయి?

ఆయన్ను ఇంటికి పిలిచాను. వరండాలో కూర్చోబెట్టి అడిగాను.

"నిజం జెప్పు. వాచీ ఏమన్నా తప్పు జూసినావా?"

"ల్యా."

"మరి తెర మీద పదిహేడు ఎందుకుండాది?"

"నా వాచీ నా చేతిలో ఉండె బావా. ఇరవై అయినాకనే ఊదినా."

"అది కంప్యూటరప్పా. తప్పు జెప్పదు."

"చెప్పే మాట కాదులే బావా" అని లేచి చెప్పులు వేసుకున్నాడు. లోపలి నుంచి నా భార్య వచ్చి, "మా తమ్మున్ని అట్ల అడగనీకె నీకు నోరెట్ల వచ్చె?" అంది. చెప్పే మాట కాదంటే ఏమిటి అర్థం? దొంగలు చెప్పే మాట అదే కదా అనుకున్నాను నేను.

వారం తిరిగేసరికి ఊళ్ళన్నిటికీ పాకింది. ఆయన బస్సెక్కితే వెనక సీట్లోంచి ఎవరో విజిల్ వేసేవాళ్ళు. ఆయన కూతురు అత్తగారి ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు దగ్గర నిలబడితే, "పక్కకు జరగండమ్మా, వాళ్ళకు టైముకు ముందే నీళ్ళొస్తాయి" అన్నారట. ఉగాదికి ఆ గుత్తి వైపు ఊళ్ళోనే మళ్ళీ పోటీలు. విజిల్ ఎవరికివ్వాలో తేల్చడానికి కమిటీ ఒక ఆదివారం బడి వరండాలో కూర్చుంటుందని కబురొచ్చింది. అక్కడ విజిల్ తీసేసుకుంటే ఇక జిల్లాలో ఆయన్ను ఎవరూ పిలవరు. దొంగ అనిపించుకుంటూనే మిగిలిన బతుకు బతకాలి.

ఇక నేను ఊరుకోలేదు. ఆఫీసుకు పోయి బెంగళూరు ఆవిడను నిలదీశాను.

"అమ్మా, ఈ గడియారం యాడ తిరుగుతాది?"

"ఇక్కడే సార్, నా కంప్యూటర్‌లో."

"మైదానంలో కాదా?"

ఆమె నవ్వింది. "మైదానంలో ఎలా సార్? ఓనర్ ఇచ్చిన టేపు మీద నేను వేస్తాను. జెండా దిగినప్పుడు సున్నా పెడతాను, విజిల్ దాకా పరుగెత్తిస్తాను. టేపు ఎంత ఉంటే అంత."

అప్పుడు తెలిసింది. ఎద్దు పడి లేచిన ఆ కాసేపు కత్తిరించేశాం. ఆ కాసేపు గడియారంలో లేదు. పదిహేడు మా మర్యాద చేసిన పదిహేడు. అట్టలు రాసిన రోజుల్లో ఎంత కత్తిరించినా ఎవరికీ తెలిసేది కాదు. కొత్త పట్టీ వచ్చాక మా మర్యాదే ఒక మనిషిని దొంగను చేసింది. మా బామ్మర్దికి ఈ సంగతి టీవీ చూసిన క్షణంలోనే తెలుసు. చెప్పాలంటే ఎద్దు పడిందని నోటితో అనాలి. అందుకే అనలేదు.

ఆ మాట అనే హక్కు ఒక్క రైతుకే ఉంది. నేను మరుసటి రోజే గోరంట్ల బస్సెక్కాను. దిగి ఎండలో నడిచి ఆయన కొట్టం దగ్గరికి చేరాను. ఎద్దులు నెమరేస్తున్నాయి. దాపటి దాని మోకాలికి పసుపు పట్టించి ఉంది. రైతుకు ఎదురుగా కూర్చుని విషయమంతా చెప్పాను. మనిషి పేరు పోతే ఉలవలు పెట్టినా తిరిగి రాదు పెద్దాయనా అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. వస్తానన్నాడు.

ఆదివారం బడి వరండాలో కమిటీ వాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. ఇంకోవైపు మా బామ్మర్ది, ఆయన పక్కన నేను. ఆయన విజిల్‌ను తాడుతో సహా బల్ల మీద పెట్టాడు. మాటలు మొదలయ్యాయి. అప్పుడు రైతు వచ్చాడు. చెప్పులు మెట్ల కిందే వదిలి, తలగుడ్డ తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు.

"నా దాపటెద్దు పడినాది," అన్నాడు.

ఒక ముసలాయన చెవులు మూసుకున్నాడు.

"మలుపులో పడినాది. లేసేకి చానా సేపు పట్టినాది. ఆ ముక్క తీసెయ్యమని నేనే జెప్పినా. టీవీలో తక్కువైన నిమిషాలు అవే. మాస్టరు సరిగ్గానే ఊదినాడు. మీకు అనుమానముంటే నా మీద పెట్టుకోండి, ఆయప్ప మీద వద్దు."

కమిటీ పెద్ద లేచి విజిల్ తీసి మా బామ్మర్ది మెడలో వేశాడు. అదీ జరిగింది. ఆ తర్వాత మా చానల్లో బండలాగుడుకు గడియారం వేయలేదు. పడిన ఎద్దును చూపించనూ లేదు. ఉగాది పోటీలో ఆ రైతు జతకు మళ్ళీ విజిల్ ఊదింది మా బామ్మర్దే. ఈసారి ఎద్దు పడలేదు.

ఇంతవరకు రాసి మొన్న ఆయన్ను పిలిచి చదివి వినిపించాను. ఆయనకు ఇప్పుడు చూపు ఆనదు, వినడం మాత్రం బాగా వింటాడు. కళ్ళు మూసుకుని అంతా విన్నాడు. అయ్యాక తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మెచ్చుకోవడానికి మాటలు వెతుక్కుంటున్నాడనుకున్నాను.

"బాగనే రాసినావు బావా," అన్నాడు. "గోరంట్లకు ఎప్పుడు పోతివి?"

"అదే, ఆదివారం ముందర..."

"నువ్వు పోల్యా. ఆయప్పంతకు ఆయప్పే వచ్చినాడు. వాళ్ళ ఊర్లో ఎవురో అనుకుంటాంటే విని, రాత్రంతా నిద్ర పట్టక బస్సెక్కినాడంట. నాకు ఆయప్పే జెప్పినాడు. బెంగళూరమ్మ నీకు గడియారం సంగతి జెప్పింది నిజమే. కానీ అది కమిటీ అయిపోయినాక. నువ్వే వచ్చి చెప్తివి కదా, ఈ పొద్దే తెలిసినాది బామ్మర్దీ అని."

"సరేలే, ముందూ వెనకా అయ్యుండొచ్చు. నీ పక్కనే కూర్చున్నా కదా, అదన్నా..."

"నా పక్కన ఎవురూ కూర్చోలేదు బావా. నువ్వు కమిటీ వాళ్ళ తట్టు కూర్చోనుంటివి. 'ఈసారికి వేరే మనిషిని జూసుకోండప్పా' అని మొదట అనింది నువ్వే."